మూడు కాళ్ల నడక

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ కుక్క బ్రౌనీ కుడి వెనక కాలు తీసేయాలని డాక్టరు చెప్పాడనీ, ఇంట్లో ఎవరికీ అన్నం సహించట్లేదనీ రాశావు. ముందు తినండిరా. పాదం గట్టిగా గిల్లినా దానికి తెలియట్లేదన్నావు కదా, అంటే అది ఇప్పటికే మూడు కాళ్ల మీదే నడుస్తోంది. నాలుగోదాన్ని ఊరికే వెంట ఈడ్చుకుంటోంది.

“మోకాలి దాకా అయినా ఉంచమని అడగనా?” అన్నావు. అడగొద్దు. మొండి మిగిలితే దాన్ని నేలకి ఆనిద్దామని చూస్తుంది. చివర తోలు ఒరుసుకుని పుండు పడుతుంది, ఆ పుండు మానదు. కృత్రిమ కాలు పెట్టే ఆలోచన లేనప్పుడు వెనక కాలైతే తొడ ఎముక సగానికి పైన గానీ తుంటి కీలు దగ్గర గానీ తీస్తారు. ముందు కాలైతే భుజం రెక్క ఎముకతో సహా తీసేస్తారు. చూసేవాళ్లకి మరీ ఎక్కువ కోసేశారనిపిస్తుంది, కానీ దానికి మేలు అదే.

కుక్క బరువులో నూటికి 60 పాళ్లు ముందు కాళ్ల మీదే ఉంటుంది. 20 కిలోల బ్రౌనీకి ముందు కాళ్లు ఒక్కోటి 6 కిలోలు, వెనకవి ఒక్కోటి 4 కిలోలు మోస్తాయి. పోయేది 4 కిలోల కాలే. అది తల కాస్త దించి, బరువు ముందుకి తోసి, మిగిలిన వెనక కాలిని ఒంటి మధ్యకి జరుపుకుంటుంది. ముందు కాలు పోయిన కుక్కకే కష్టం ఎక్కువ, అడుగడుగుకీ తల ఎగరేస్తూ నడవాలి. అన్నట్టు, ఆపరేషన్‌కి ముందే మిగతా మూడు కాళ్లూ, ఎడమ తుంటీ బాగా చూడమను. ఆ తుంటి కీలు అప్పటికే అరిగిపోయి ఉంటే లెక్కంతా మారిపోతుంది.

ఇంటికొచ్చాక అసలు శత్రువు మీ హాల్లో నున్నటి టైల్సు. ఒక్కసారి జారి కుట్ల మీద పడిందంటే కష్టం. పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా గోనె పట్టాలో కొబ్బరి పీచు చాపలో పరిచెయ్. గోళ్లు కత్తిరించు, వేళ్ల మధ్య బొచ్చు పెరిగితే అదీ తీసెయ్. లేపేటప్పుడు తువ్వాలు పొట్ట కింద, వెనక కాలికి ముందుగా పోనిచ్చి రెండు కొసలూ పట్టుకో. ఎత్తకూడదు, ఆసరా ఇవ్వాలి, అంతే. చాలా కుక్కలు ఒకటి రెండు రోజుల్లోనే లేచి నిలబడతాయి. ఆ హుషారు చూసి గొలుసు విప్పకు. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, ఒంటికీ రెంటికీ తప్ప బయటికి వద్దు. ముందే గెంతనిస్తే తోలు కింద నీరు చేరి ఉబ్బుతుంది. నాకకుండా మెడకి గరాటు కాలర్ రాత్రిళ్లు కూడా ఉండాలి.

నొప్పికి ఇంట్లో ఉన్న బిళ్లలు వెయ్యకు. మనం మింగే ఐబుప్రోఫెన్ దాని కడుపునీ మూత్రపిండాల్నీ పాడుచేస్తుంది. డాక్టరిచ్చింది తిండితోనే పెట్టు. వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా మందు ఆపి వెంటనే ఆయనకి చెప్పు. గాయం మానాక కూడా ఉన్నట్టుండి కుయ్యిమని లేని కాలి వైపు తిరిగి చూస్తుంటే అది తెగిన నరాల నొప్పి కావచ్చు. దానికి మందు వేరు, అడిగి తీసుకో.

తిండి తగ్గించు. జాలితో పెరుగన్నం రెండింతలు పెట్టారంటే ఆ కొవ్వంతా ఆ ఒక్క తుంటి మీదే పడుతుంది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తెలుస్తుండాలి.

“కాలు పోయిన పశువు బతకదు” అని మీ పెదనాన్న అన్నారట. గొడ్ల విషయంలో ఆయన మాట చాలావరకు నిజమే. 400 కిలోల ఆవు మూడు కాళ్ల మీద లేవాలన్నా, పడుకోవాలన్నా నరకమే. కాకపోతే దాని గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక పక్క కుళ్లితే ఆ పక్క వరకు తీసేస్తారు, రెండో దాని మీద నడుస్తుంది. గుర్రానికి ఆ వీలూ లేదు. అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గుర్రప్పందెం గెలిచిన బార్బరోకి ఆ మే నెలలోనే వెనక కాలు విరిగింది. ఎముక అతికించారు. కానీ బరువు మోసిన కాళ్ల గిట్టల లోపలి పొర దెబ్బతింది. 2007 జనవరిలో బాధ లేకుండా మందిచ్చి దాన్ని చంపేయాల్సి వచ్చింది. ఏనుగుకైతే కృత్రిమ కాలు కడతారు. థాయ్‌లాండ్‌లోని లంపాంగ్ ఏనుగుల ఆసుపత్రిలో, మందుపాతర పేలి ముందు కాలు పోగొట్టుకున్న మోషా అనే గున్నకి అలాగే కట్టారు. అది పెరిగేకొద్దీ కాలు మళ్లీ కొత్తది చెయ్యాలి. బ్రౌనీకి అవేం అక్కర్లేదు.

మీ చిన్నమ్మాయి బల్లి తోకలా మళ్లీ మొలుస్తుందా అని అడిగిందన్నావు. మొలవదని చెప్పు. బల్లికీ మొలిచేది తోకే, అందులోనూ వెన్నుపూసలుండవు, మృదులాస్థి కడ్డీ ఉంటుంది. పీతకి మాత్రం నిజంగానే కాలొస్తుంది. కాలి మొదట్లో విరగడానికే ఒక చోటుంటుంది, లోపలి పొర రక్తం పోకుండా మూసేస్తుంది. కొత్త కాలు అక్కడే చిన్న మొగ్గలో మడిచిపెట్టినట్టు పెరిగి, పెంకు వదిలినప్పుడు విప్పుకుంటుంది. మొదట చిన్నగానే ఉంటుంది, కొన్ని పెంకులు మారాక గానీ సరైన కొలతకి రాదు.

ఆ పిల్లకే ఒక పని అప్పగించు. కుడి వెనక కాలు లేకపోతే బ్రౌనీ కుడి చెవి గోక్కోలేదు. గోకాలనిపించినప్పుడు మొండి తొడ ఒట్టిగా కదులుతుంటుంది. అప్పుడు చెవి వెనక గోకి, లోపల గోమార్లున్నాయేమో చూడమను, రోజూ.

కుట్లు విప్పాక రాయి.

నీ
రామం