రోడ్డు తవ్వకానికి పర్మిషన్: ఆదివారంలోపు కాగితాలు ఇవ్వండి

అందరికీ నమస్తే.

నల్లా పైపు కోసం మన గల్లీ సీసీ రోడ్డు తవ్వాలి కదా. మహబూబ్‌నగర్ కార్పొరేషన్ ఆఫీసు నుంచి రోడ్ కటింగ్ పర్మిషన్ వచ్చేదాకా దయచేసి ఎవరూ గడ్డపార పట్టొద్దు.

సోమవారం దరఖాస్తు ఇస్తున్నాం. ఆదివారం సాయంత్రం 5 లోపు ఇంటి పన్ను రసీదు జిరాక్స్ గుడి పక్క కిరాణా షాపులో ఇచ్చి, లిస్టులో సంతకం పెట్టండి.

రోడ్డు మళ్లీ వేసే ఖర్చు ముందే కట్టాలి. తవ్వే పొడవు, వెడల్పు, సీసీనా తారా అన్నదాన్ని బట్టి లెక్క. ఇంజనీర్ కొలిచాకే ఇంటికెంతో చెప్తాను, అప్పటిదాకా ఎవరికీ డబ్బులు ఇవ్వకండి.

తవ్విన రాత్రి గుంత చుట్టూ రిబ్బన్, లైటు ఉండాల్సిందే. పొద్దున్నే పిల్లలు స్కూల్ ఆటో కోసం నిలబడేది అక్కడే.

కాగితాలు ఇచ్చినవాళ్లు ఇక్కడ ఇంటి నంబర్ పెట్టండి.