మీటరు కుయ్‌మంది కదా అని పంపేశాను

నేను చేసి అమ్మే మైకు వైరు తీసుకున్న ఒక భజన మండలి నుంచి మొన్న ఫోన్. "అన్నా, నీ వైరుకి పాట మైకు పెడితే బాగానే ఉంది. హార్మోనియం దగ్గరి కండెన్సర్ మైకు పెడితే చిటపటలు, తర్వాత అసలు సౌండే లేదు." మీ మైకే పోయి ఉంటుందన్నాను. పోయింది మైకు కాదు, నా వైరు.

తెప్పించి విప్పి చూశాను. ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ (వైరు కొసన మూడు పిన్నులుండేది) లోపల, సిగ్నల్ తీగల చుట్టూ ఉండే షీల్డు తీగల్లోంచి ఒక్క పోగు, వెంట్రుకంత, పైకి లేచి 2వ పిన్నుకు తగులుతోంది. 1 ఎర్తు, 2, 3 సిగ్నల్. పాటకి వాడే మామూలు డైనమిక్ మైకుకి బయటి కరెంటు అక్కర్లేదు కాబట్టి ఇలా షార్టయినా కాస్త హమ్ము పెరగొచ్చు గానీ పాట వినిపిస్తుంది. కండెన్సర్‌కి సౌండ్ మిక్సర్ నుంచి 2, 3 పిన్నుల మీదుగా 48 వోల్టులు (ఫాంటమ్ పవర్ అంటారు) వెళ్ళాలి, అప్పుడే పనిచేస్తుంది. అందులో ఒక దారి ఎర్తులో కలిసిపోయింది.

టెస్ట్ చెయ్యకుండా పంపలేదు. ఈ కొస 1 నుంచి ఆ కొస 1, అలాగే 2, 3. మల్టీమీటర్ కుయ్ అంటే పాస్. దాంతో తీగ తెగలేదని తెలుస్తుంది, అంతే. 1-2, 1-3, 2-3 మధ్య పెట్టినప్పుడు మీటరు నోరు మెదపకూడదు. పెళ్ళిళ్ళ ఆర్డర్ల హడావిడిలో ఆ సగం ఎగ్గొట్టాను.

షాపులో ఉన్న సరుకంతా మళ్ళీ చూస్తే ఇంకో రెండు దొరికాయి. ఒకదాంట్లో సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించి లోపలి ప్లాస్టిక్కే కరిగించాను. ఇప్పుడు మూత బిగించాకే టెస్ట్, ఎందుకంటే బిగించేటప్పుడే పోగులు కదులుతాయి. రెండు కొసల దగ్గరా వైరు వంచుతూ చూస్తున్నాను. నా పాత మీటరు బజర్ ఆలస్యంగా మోగుతుంది, క్షణంపాటు తగిలితే పట్టుకోలేదు. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని, 9 వోల్టుల బ్యాటరీ, ఎల్‌ఈడీలతో చిన్న టెస్టు డబ్బా చేసుకున్నాను.

గత రెండు నెలల్లో ఎర్ర స్లీవు వైర్లు తీసుకున్నవాళ్ళు వెనక్కి పంపండి, రానూపోనూ కొరియర్ నాదే. మిక్సర్ కాలిపోతుందేమోనని టెన్షన్ వద్దు. ఫాంటమ్ లైనులో ఉండే 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ కరెంటును సుమారు 7 మిల్లీఆంపుల దగ్గర ఆపుతుంది. రిబ్బన్ మైకు (లోపల పలచటి లోహపు రిబ్బన్ ఉండేది) ఉన్నవాళ్ళు మాత్రం ఆ వైరు అసలు పెట్టకండి, 48 వోల్టులు ఆన్‌లో ఉంటే రిబ్బన్ పాడవ్వొచ్చు.

కొత్త ఆర్డర్లు రెండు రోజులు ఆలస్యమవుతాయి. రేటు అదే.