ఆ బోర్డు ఇప్పుడే కొనకు, రవీ

విశాఖపట్నం,
ఫిబ్రవరి 8.

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నలభై దాటాక సర్ఫింగ్ మీద, అంటే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట మీద మనసు పడిందని రాసిన పేజీని రెండుసార్లు చదువుకున్నాను. చదువుతూ ఎంత పొంగిపోయానో, చివరి నాలుగు వాక్యాల దగ్గర అంతగా గుండె గుభేలుమంది. ఆరడుగుల రెండంగుళాల బోర్డు, మొన తేలిన ముక్కు, అడుగున రెక్కల్లాంటి మూడు ఫిన్‌లు, సగం ధరకే ఇస్తున్నారు, డబ్బు కట్టేయమంటావా అని అడిగావు. కట్టకురా. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకూ ఆ ఫోను పక్కన పెట్టు.

అది చెడ్డ బోర్డని కాదు. అల మీద నిలబడడం వచ్చి, దాని ఒంపులో పైకీ కిందికీ తిరగడం వచ్చినవాళ్ల చేతిలో అది వజ్రం. మొదటిసారి దిగేవాడి కాళ్ల కింద మాత్రం నిలవదు. బోర్డు పరిమాణాన్ని లీటర్లలో చెబుతారు. ఎన్ని లీటర్లుంటే అంత బరువును తేలుస్తుంది. నువ్వు రాసిన కొలతకు 30 లీటర్లు, మహా అయితే 35 ఉంటాయి. కొత్తవాడికి తన బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు కావాలి, ఇంకో ఇరవై ఎక్కువున్నా మంచిదే. అంత లేకపోతే నువ్వు పడుకోగానే బోర్డు సగం మునుగుతుంది. చేతులతో ఎంత తోసినా వేగం పుట్టదు. వేగం లేనివాణ్ణి అల అక్కడే వదిలేసి, కింద నుంచి జారుకుని ఒడ్డుకు వెళ్లిపోతుంది. నేను మొదటి ఆరు నెలలు అలాంటి బోర్డు మీదే గడిపాను. తర్వాత ఒక మిత్రుడి దగ్గర 9 అడుగుల ఫోమ్ బోర్డు అరువు తెచ్చుకుంటే మూడో రోజు పొద్దున్నే లేచి నిలబడ్డాను. ఆ ఆరు నెలలు నీకు పోకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీకు కావలసింది ఆ ఫోమ్ బోర్డే. 8 నుంచి 9 అడుగుల పొడవు, 22 లేదా 23 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. పైన మెత్తటి పొర, అడుగున నున్నటి ప్లాస్టిక్. ఫిన్‌లు కూడా వంగే రకం ఉంటే తీసుకో. పడ్డప్పుడు గట్టి ఫిన్ పిక్కకు తగిలితే కత్తిలా కోస్తుంది. చూడడానికి అది పిల్లల వస్తువులా ఉంటుంది. ఉండనీ.

లీష్ గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను. బోర్డును నీ కాలికి కట్టి ఉంచే తాడు అది. నిలబడినప్పుడు ఏ కాలు వెనక ఉంటుందో ఆ చీలమండకు కట్టాలి. ఏ కాలు వెనకదో తెలియకపోతే, ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి మెల్లగా తోయమను. తూలకుండా ఏ కాలు ముందుకు వేస్తావో అది ముందరి కాలు. లీష్ పొడవు దాదాపు బోర్డు పొడవంత ఉండాలి. ఒకసారి నేను కొన్న లీష్ ఎన్నాళ్లు దుకాణంలో ఎండకు మగ్గిందో తెలియదు, మూడో వారంలోనే పుటుక్కున తెగింది. నేను మునిగి తేలేసరికి బోర్డు నురగ మీద ఒడ్డు వైపు దూసుకుపోతోంది. అక్కడ మోకాలి లోతులో ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. అరిచాను. వాళ్ల నాన్న ఒకణ్ణి జబ్బ పట్టి లాగాడు, బోర్డు వాళ్లను దాటి ఇసుకలో దిగబడింది. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. అప్పటి నుంచి దిగే ముందు ప్రతిసారీ లీష్‌ను రెండు చేతులతో సాగదీసి, గోటితో గీరి, పగులు ఉందేమో చూస్తాను. నువ్వూ అదే అలవాటు చేసుకోవాలి. ఇంకొకటి. పడ్డాక పైకి తేలేటప్పుడు మోచేతులు మడిచి ముఖానికి అడ్డం పెట్టుకునే లేవాలి. చల్లటి నీళ్లలో వేసుకునే వెట్‌సూట్లకు పేరుపడిన జాక్ ఓనీల్ అంతటివాడికే 1971లో లీష్ సాగి బోర్డు వెనక్కి కొట్టడంతో ఎడమ కన్ను పోయింది. ఇప్పటి లీష్‌లు అప్పటివాటిలా సాగవు, అయినా ముఖం నీదే కదా.

వెట్‌సూట్ అంటే గుర్తొచ్చింది. దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకు. మన నీళ్లు చలికాలంలో కూడా 25 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. పొడుగు చేతుల లైక్రా చొక్కా చాలు. రాష్ గార్డ్ అని అడుగు, ఇస్తారు. అది లేకుండా గంటసేపు బోర్డు మీద బోర్లా పడుకుంటే ఛాతీ, పొట్ట ఎర్రగా ఒరుసుకుపోతాయి. ఉప్పునీరు తగిలితే ఆ మంట రెండు రోజులు వదలదు. ముఖానికి జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము మందంగా రాసుకో.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని బోర్డుకు మైనం పట్టించడం. ఫోమ్ బోర్డుకు అంతగా అవసరం ఉండదు గానీ, గట్టి బోర్డుకు తప్పదు. లేకపోతే తడి పాదం సర్రున జారుతుంది. ముందు గట్టి మైనం బిళ్లతో అడ్డగీతలు, నిలువుగీతలు గీస్తాను. తర్వాత మన వేడి నీళ్లకు సరిపడే రకం తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుడతాను. కాసేపటికి ఆవగింజల్లా బొడిపెలు లేస్తాయి. అరచేతితో నిమిరితే గరగరలాడాలి. దాని కొబ్బరి వాసన సాయంత్రం దాకా వేళ్లను వదలదు. మైనం పూసిన బోర్డును వెల్లకిలా ఎండలో వదిలావంటే పది నిమిషాల్లో అంతా కరిగి ఇసుక అంటుకుంటుంది. నీడ చూసి పెట్టాలి.

పోయిన నెల నా గట్టి బోర్డు అంచు రాయికి తగిలి బొటనవేలంత పగిలింది. పగులును అలాగే వదిలేసి దిగితే లోపలికి నీరు పీల్చుకుని బోర్డు బరువెక్కిపోతుంది. ఒకరు చెబితే భీమిలి వైపు ఒక పల్లెలో పడవలకు ఫైబర్ అతికే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన బోర్డును ఒళ్లో పెట్టుకుని, పగులు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "లోపల థర్మోకోలా, వేరే ఫోమా బాబూ?" అని అడిగాడు. ఎందుకని అడిగితే, పడవలకు ఫైబర్ అతికే జిగురు, మామూలు రెజిన్, పోస్తే థర్మోకోల్ కరిగి గొయ్యి పడుతుందని, దానికైతే ఎపాక్సీ అనే వేరే రకం రెజినే పోయాలని చెప్పాడు. సర్ఫింగ్ చేసేవాళ్లు కూడా సరిగ్గా ఈ మాటే చెబుతారు. ఆయన జీవితంలో బోర్డు ఎక్కలేదు. కానీ ఇప్పుడు మన తీరంలో తెప్పలు కూడా ఫైబర్‌వే, ఆయన చేతుల మీదుగా వెళ్లేవే. ఫైబర్ గుడ్డ కత్తిరించి, పరిచి, రెజిన్‌ను కుంచెతో అద్దుతూ ఒక్క గాలిబుడగ కూడా మిగలకుండా నొక్కాడు. బోర్డుకు ఇప్పుడు అక్కడ చిన్న పసుపు మచ్చ ఉంది. దాన్ని గీకి రంగు వేయించాలని నాకు అనిపించలేదు.

ఇక సముద్రం సంగతి. సామాను ఎంత ఉన్నా నీళ్లను చూడడం రాకపోతే దిగకూడదు, ఇందులో నేను ఎవరి మాటా వినను. ఒడ్డున నిలబడి పదిహేను నిమిషాలు ఊరికే చూడు. అలలు వరసలుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, తర్వాత కాస్త తెరిపి. తెప్ప నెట్టేవాళ్లు ఆ తెరిపి కోసమే నడుం లోతులో కాచుకుని ఉంటారు. అన్ని చోట్లా నురగ లేస్తుంటే మధ్యలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీరు ముదురు రంగులో నెమ్మదిగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు అదే మంచి చోటని అక్కడ దిగుతారు. ఒడ్డుకు చేరిన నీరంతా వెనక్కి వెళ్లే దారి అదే. ఒడ్డు నుంచి అలివి వల లాగే ఒక తాత నాకు మొదటి వారంలోనే చెప్పాడు: "నురగ లేనిచోట దిగకు బాబూ, అక్కడ సముద్రం వెనక్కి పోతోంది." ఒకవేళ అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. బోర్డును వదలకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు వెళ్లి, నురగ కనిపించిన చోట దాని మీద వెనక్కి రావాలి. ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన సముద్రం ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మీ హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉంది. అలల ఎత్తు, ఒక అలకూ మరో అలకూ మధ్య ఎన్ని సెకన్లు, ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, అన్నీ ముందే ప్రకటిస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి మోసపోకు. అర మీటరు అలైనా 14 సెకన్లకు ఒకటి వస్తోందంటే అది ఎక్కడో దూరపు మహాసముద్రంలో పుట్టి బలం కూడగట్టుకుని వచ్చింది. 6 సెకన్లకు వచ్చేది దగ్గరి గాలి లేపిన చిల్లర అల. నువ్వు వారం రోజులు ఆ అంకెలు చూసి నాకు రాస్తూ ఉండు. ఇక్కడ పొద్దున్నే ఎలా కనిపించిందో నేను రాస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం రమ్మనను. తుపాన్ల కాలం, 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో నీకు తెలుసు. ఇప్పుడైతే నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, నేర్చుకునేవాడికి సరిపోతాయి.

ఇక్కడ పొద్దున అయిదున్నరకల్లా ఋషికొండ దగ్గర ఉంటాను. అప్పటికి గాలి లేచి ఉండదు, నీళ్ల మీద ముడత కనిపించదు. ఈ రోజుల్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఒక్కోసారి ఇసుకలో వాటి రెక్కల జాడ ట్రాక్టరు చక్రం గీసినట్టు కనిపిస్తుంది, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తాం. ఎనిమిదింటికి బయటికొచ్చి బోర్డునూ లీష్‌నూ మంచినీళ్లతో కడిగి, పక్క బండి దగ్గర వేడి ఇడ్లీ తింటుంటే చెవుల్లోంచి ఇంకా ఉప్పునీరు కారుతూ ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగుతావు. అమ్మ నీ కోసం ఇప్పటికే పెరటి గదిలో మంచం వేయించింది. అప్పటిదాకా రోజూ చాప మీద బోర్లా పడుకుని, పక్కటెముకల దగ్గర చేతులు ఆనించి, ఒక్క ఊపున లేచి నిలబడడం ఇరవైసార్లు చెయ్యి. లైక్రా చొక్కా ఒక్కటి తెచ్చుకో, మిగతావన్నీ ఇక్కడున్నాయి. జవాబులో నీ బరువెంతో తప్పకుండా రాయి. 8 అడుగుల బోర్డు తీసి పెట్టాలో, 9 అడుగులదో దాన్ని బట్టి చూస్తాను.

నీ
శీను