నాన్నగారికి, జనాభా గురించి

పారిస్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి సంగతి అడిగితే మాట దాటేస్తోంది. మీరైనా నిజం చెప్పండి.

పోయిన ఆదివారం ఫోన్లో మీరు కోపంగా అన్నారు చూడండి, "ఒకప్పుడు ఇద్దరు చాలన్నారు, మేం ఊరూరా తిరిగి ఆపరేషన్లకి ఒప్పించాం. ఇప్పుడేమో ఇంకా కనమంటున్నారు. అంటే మా సర్వీసంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అని. అది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం. జీవితమంతా ఇదే ప్రశ్న చుట్టూ తిరిగిన జనాభా శాస్త్రవేత్త ఒకాయన ఇక్కడ ఉండేవాడు, ఆల్ఫ్రెడ్ సోవీ. నేను రోజూ వెళ్ళే లైబ్రరీ దగ్గర్లోనే, ఒబెర్‌విలియేలో, ఆయన నిలబెట్టిన జనాభా సంస్థ ఉంది. దాన్ని ఇక్కడ ఇనెద్ అంటారు.

సోవీ 1898లో స్పెయిన్ సరిహద్దు పక్కన, పెర్పిన్యాన్ దగ్గరి పల్లెలో పుట్టాడు. ద్రాక్ష తోటల కుటుంబం. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చి, పెద్ద పేరున్న ఇంజినీరింగ్ బడి పాలిటెక్నిక్‌లో చదివి, 1922లో ప్రభుత్వ గణాంకాల ఆఫీసులో చేరాడు. మనిషి అంకెలకే అతుక్కుపోయే రకం కాదు. రగ్బీ జట్టుకి కెప్టెన్. ఆ జట్టులో ఆడిన కుర్రాడొకడు తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న జాక్ తాతి. సోవీ అక్క కూడా తితాయ్నా అనే పేరుతో దేశాలు తిరిగి రాసిన జర్నలిస్టు. ఆవిడ కథ మొదలుపెడితే ఈ ఉత్తరం సరిపోదు.

అప్పటి ఫ్రాన్సు సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. యుద్ధంలో దాదాపు 14 లక్షలమంది సైనికులు పోయారు. 1935 నుంచి, రెండో యుద్ధం ముగిసేదాకా, పుట్టేవాళ్ళకంటే చనిపోయేవాళ్ళే ఎక్కువ. వయసుల వారీగా జనాన్ని పేర్చి గీసే పటం ఉంటుంది కదా, అడుగున పసిపిల్లలు, పైన ముసలివాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు, ఇంకోవైపు ఆడవాళ్ళు. ఫ్రాన్సు పటంలో ఎలుక కొరికినట్టు రెండు వైపులా గాట్లు కనిపిస్తాయి. 1915 నుంచి 1919 దాకా మగవాళ్ళు యుద్ధంలో ఉంటే ఇళ్ళల్లో పిల్లలు పుట్టలేదు. పుట్టని ఆ పిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత పెళ్ళీడుకి ఎక్కడినుంచి వస్తారు? అందుకే 1935 తర్వాత కాన్పులు ఇంకా తగ్గాయి. అంటే ఒక గాటు ఇంకో గాటుని కంది. మొత్తం ఎంతమంది అని అడిగి ఊరుకునే మనిషి కాదు సోవీ. ఏ వయసువాళ్ళు ఎంతమంది, పనిచేసే చేతులెన్ని, వాటిమీద ఆధారపడ్డ నోళ్ళెన్ని అని అడిగేవాడు. ముసలివాళ్ళు పెరిగిన దేశం ఏమవుతుందో అని, ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే బెంగపడ్డాడు.

ఆయన నోరు కాస్త గట్టిదే. 1936లో ప్రభుత్వం వారానికి 40 గంటల పని చట్టం తెచ్చింది. పని పంచితే అందరికీ ఉద్యోగాలు దొరుకుతాయని ఆశ. నిపుణులైన పనివాళ్ళే తక్కువగా ఉన్నచోట గంటలు కోస్తే ఉత్పత్తే ఆగిపోతుందని సోవీ అంకెలతో పోట్లాడాడు. 1938లో ఆర్థికమంత్రి పాల్ రెనో దగ్గర సలహాదారుగా ఉండి ఆ చట్టాన్ని సడలించే ఉత్తర్వుల్లో చెయ్యి వేశాడు. కార్మికులకి అది మింగుడు పడలేదు, సమ్మె కూడా జరిగింది. ఈ విషయంలో ఆయన్ని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. ద్రాక్ష తోటల ఇంటి బిడ్డ అయ్యుండి తాగుడికి వ్యతిరేకంగా రాశాడు, అది మటుకు నాకు నచ్చింది.

1945లో ఇనెద్ పెట్టారు. 1962 దాకా ఆయనే డైరెక్టర్. ఆ తరం ఇంకా పిల్లల్ని కనమంది. కుటుంబ భత్యాలు, పిల్లల సంఖ్యని బట్టి ఆదాయపన్నులో తగ్గింపు, అన్నీ ఆ రోజుల్లో గట్టిపడ్డవే. ఇప్పటికీ ఇక్కడ ఇద్దరు పిల్లలుంటే భత్యం మొదలవుతుంది, ముగ్గురుంటే రైలు టికెట్లో కూడా రాయితీ.

మరి మనలాంటి దేశాల గురించి ఏమన్నాడంటారా? 1952లో లోబ్జర్వాతర్ అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అటు అమెరికా వైపూ ఇటు రష్యా వైపూ లేని పేద దేశాలని మూడో ప్రపంచం అంటారే, ఆ మాట అందులోంచే లోకానికి వచ్చింది. దోమల మందు చల్లి చావులు ఆపడం చవక, బతికిన పిల్లలకి తిండి, బడి, పని చూపించడానికే డబ్బు కావాలి, ఆ డబ్బు ఆయుధాలకి పోతోంది అన్నది అందులో ఆయన బాధ. ఇంటింటికీ డీడీటీ కొట్టించిన మీకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రాన్సుకి చెప్పిన మందే ఇండియాకీ రాయలేదు ఆయన. ఏ దేశం, ఏ దశలో ఉంది అని ముందు చూసేవాడు.

అలాగని దేవుణ్ణి చెయ్యకండి. 1946లో రోబేర్ దెబ్రే అనే డాక్టరుతో కలిసి రాసిన పుస్తకంలో, ఫ్రాన్సుకి వలసవాళ్ళు కావాలంటూనే, ఏ దేశంవాళ్ళయితే ఇక్కడ త్వరగా కలిసిపోతారని తూకం వేసే పేజీలున్నాయి. పాపని క్రెష్‌లో దింపి వచ్చి ఆ పేజీలు చదువుతుంటే నాకు మనసు చివుక్కుమంది. 1990లో, 92వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు పోయాడు. చివరిదాకా రాస్తూనే ఉన్నాడట.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. 2024లో ఫ్రాన్సులో 6,63,000 మంది పుట్టారు, 6,46,000 మంది పోయారు. ఒక్కో స్త్రీకి సగటున 1.62 పిల్లలు. మన ఆంధ్రలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.7. ఎనభై ఏళ్ళుగా భత్యాలిస్తున్న దేశమూ, అప్పటికి అలాంటి భత్యాలేవీ ఇవ్వని మన రాష్ట్రమూ ఇంచుమించు ఒకేచోట ఉన్నాయి! ఇద్దరికంటే ఎక్కువుంటే సర్పంచికి నిలబడనివ్వని రూలు 2024లో తీసేశారు, బాగానే ఉంది, కానీ రూలు తీసేసినంతమాత్రాన ఎవరూ మూడో బిడ్డని కనరు.

మీరు తప్పు చెయ్యలేదు నాన్నగారూ. వరస కాన్పులతో రక్తం లేక పోయిన ఆడవాళ్ళని కళ్ళారా చూశారు మీరు. తప్పు ఉంటే, ఏటా ఇన్ని ఆపరేషన్లు చేయించాలన్న ఆ టార్గెట్లలో ఉంది. మార్చి వచ్చిందంటే మీకు టెన్షన్, కేసులు చాల్లేదని పైవాళ్ళ తిట్లు, అన్నం సగంలో వదిలేసి సైకిలెక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. 1996లో ఆ టార్గెట్లు తీసేశాక ఇంట్లో మీ గొంతే మారింది. ఇప్పుడు కనమని చెప్పేవాళ్ళు కూడా అలాంటి టార్గెట్లే పెడతారేమోనని నా భయం. రెండో బిడ్డ ఎప్పుడని మా అత్తగారు వారం వారం అడగడం చాలదూ!

మీరు ఒక పని చెయ్యాలి. ఆ ఆపరేషన్ల క్యాంపుల గురించి, ఎవరు ఎందుకు ఒప్పుకున్నారు, ఎవరు తిట్టి పంపారు, గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాయండి. పేర్లు వద్దు. మా ప్రొఫెసర్‌గారికి చెప్తే కళ్ళు పెద్దవి చేశారు. పండక్కి వచ్చినప్పుడు తీసుకుంటాను. ఈలోగా అమ్మని ఎముకల డాక్టరుకి చూపించి, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టండి.

మీ అమ్మాయి