కథల హామీపత్రంలో మరో వాక్యం చేర్చండి

సంపాదకులకు నమస్కారం.

యంత్రం, అంటే చాట్‌జీపీటీ లాంటి కృత్రిమ మేధ, రాసిన కథలో మనిషి ఉద్వేగం ఉంటుందా అన్న చర్చ మన ఆదివారం అనుబంధాల దాకా వచ్చింది. కదిలించడమే కొలతయితే యంత్రం ఎప్పుడో నెగ్గింది. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం గురించి ప్రకటించారు. మనం టైపు చేసిన మాటనే చాలాసార్లు ప్రశ్నగా తిప్పి అడుగుతుందది. దాని సంగతి తెలిసిన ఆయన కార్యదర్శే కాసేపు దానితో మాట్లాడి, ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమంది. అక్కడ ఉద్వేగం నిజమే, కానీ అదంతా ఆమెది.

తండ్రి చావు గురించి రాయమంటే యంత్రం గుండె బరువెక్కిస్తుంది, కళ్లలో నీళ్లు తిప్పుతుంది, చివర్లో ఓదారుస్తుంది. శవం ఇంకా వసారాలో ఉండగానే తమ్ముడు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం వెతకడం, అది చూసి అన్న మండిపడబోయి, తనూ దానికోసమే లోపలికొచ్చానని తెలిసి నోరు మెదపలేకపోవడం - మనం పనిగట్టుకుని చెబితే తప్ప యంత్రం అటు పోవడం అరుదు. కారణం దాని తయారీలో ఉంది. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టడం దాని మొదటి చదువు. ఆపైన మనుషులు మెచ్చిన జవాబుల వైపు మొగ్గేలా దాన్ని దిద్దుతారు. దాంతో ఎవర్నీ నొప్పించని సర్దుబాటు అలవాటవుతుంది. దుఃఖంలో దాగిన సిగ్గూ స్వార్థమూ ముందే రాలిపోతాయి.

తెలుగులో మరో చిక్కుంది. ఒక పాత్ర మొదట ‘వచ్చిండు’ అని, రెండు పేరాల తర్వాత ‘వచ్చాడు’ అంటుంది. పిన్ని కావాల్సినావిడ అత్త అయిపోతుంది. వరస మారితే చనువు మారుతుంది, అలక మారుతుంది, కథే మారిపోతుంది. అయితే ఈ తప్పులు తగ్గుతూ వస్తున్నాయి కాబట్టి వీటితోనే యంత్రాన్ని పట్టేయగలమని అనుకోవద్దు.

యంత్ర రచనల్ని పసిగడతామనే సాఫ్ట్‌వేర్‌నూ నమ్మలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో తెచ్చిన అలాంటి సాధనం, ఆ సంస్థ చేసిన ఇంగ్లీషు పరీక్షలోనే, యంత్ర రచనల్లో 26 శాతాన్ని పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివంది. కచ్చితత్వం చాలక అదే ఏడాది జులైలో దాన్ని తీసేశారు. ఇలాంటివి చూపించి తెలుగు రచయిత మీద నింద వేయడం ఘోరం.

కథతో పాటు ఇప్పటికే హామీపత్రం అడుగుతున్నారు: సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. ‘యంత్రంతో రాయించినది కాదు, వాడుకుంటే ఏ భాగానికి వాడానో కింద తెలిపాను’ అన్న వాక్యం అందులో చేర్చండి. కథ కిందా ఆ సంగతి అచ్చువేయండి. అనుమానం వస్తే కొట్టివేతలున్న చిత్తుప్రతి అడగండి, లేదా ఫోన్ చేసి ఫలానా పాత్ర అలా ఎందుకు చేసిందని పది నిమిషాలు మాట్లాడండి. అక్షరదోషాలు దిద్దుకోవడానికో, చెబుతుంటే టైపు చేయించుకోవడానికో వాడినవాళ్లను దీన్నుంచి మినహాయించాలి. చూపు తగ్గిన పెద్దవాళ్లకు ఆ సాయం అవసరం. వచ్చే ఉగాది కథల పోటీ నిబంధనల్లోనే ఈ మార్పు తెండి.

– ఒక కథా పాఠకుడు, గుంటూరు