ఫైబర్ మ్యాప్ నిధి: జమా ఖర్చుల వివరణ

శ్రీకాకుళం నుంచి పలాస వరకు కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్న 31 మంది ఆపరేటర్లం, మన ఫైబర్ కేబుళ్లు ఏ దారిన పోతున్నాయో కంప్యూటర్ మ్యాప్‌లో ఎక్కించుకోవడానికి కలిసి వేసుకున్న నిధికి లెక్క ఇది. సభ్యులే కాదు, ఎవరైనా చూసుకోవచ్చు.

ముందుగా జమ. మనిషికి ₹6,000 చొప్పున అనుకున్నాం. 28 మంది పూర్తిగా కట్టారు, అది ₹1,68,000. ఇద్దరు సగం సగం కట్టారు, ₹6,000. ఒకరి నుంచి ఇంకా రావాలి. టెక్కలిలో ఫైబర్ సామాన్ల దుకాణం నడిపే ఒకాయన అడక్కుండానే ₹10,000 ఇచ్చి, పేరు రాయొద్దన్నారు. బ్యాంకు వడ్డీ ₹412. మొత్తం ₹1,84,412. ఇందులో ఖర్చయింది ₹1,81,870. మిగిలిన ₹2,542 బ్యాంకులో ఉంది.

"సాఫ్ట్‌వేర్ ఫ్రీ అన్నారు కదేటి, మరి డబ్బులేటయ్యాయి?" అని మీటింగులో ఒక సభ్యుడు అడిగారు. అడగాల్సిన మాటే. సాఫ్ట్‌వేర్ పద్దులో నిజంగానే సున్నా ఉంది. మ్యాప్ గీసేది క్యూజీఐఎస్, 2002లో మొదలైన, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. డేటా దాచేది పోస్ట్‌గ్రెస్, అందులో మ్యాప్ పాయింట్లు, గీతలు దాచుకోవడానికి దాని మీద పోస్ట్‌జీఐఎస్. ఫోన్‌లో పాయింట్లు పెట్టుకునేది క్యూఫీల్డ్. వీటిలో దేనికీ లైసెన్సు ఫీజు కట్టలేదు. కానీ ఏ సాఫ్ట్‌వేరైనా మనం ఎక్కించిందే చూపిస్తుంది. మన కేబుల్ ఏ స్తంభం మీద నుంచి పోతోందో అప్పటిదాకా లైన్‌మన్ల బుర్రల్లో తప్ప ఎక్కడా లేదు. ఆ లైన్‌మన్ మానేస్తే అదీ పోయినట్టే.

అందుకే పెద్ద ఖర్చు నడకకు అయింది. 312 కిలోమీటర్ల రూటుకు కిలోమీటరుకు ₹220 చొప్పున సర్వే కుర్రాళ్లకు ₹68,640, పెట్రోలుకు ₹13,850. రోజు కూలి కాకుండా కిలోమీటరు లెక్కన ఇవ్వడం మంచిదైంది, ఎండలో ఎవరి మీదా నిఘా పెట్టాల్సిన పని లేకపోయింది. రేటు ఎక్కువని ఇద్దరు ముగ్గురు అన్నారు. దానికో కారణం ఉంది. స్తంభాల మీద పాయింట్లు పెట్టడమే అయితే సగం డబ్బుకు అయిపోయేది. ప్రతి జాయింట్ బాక్స్ దగ్గరా కేబుల్ తొడుగు మీద అచ్చేసి ఉండే మీటర్ నంబరు (కేబుల్ పొడవు ఎన్ని మీటర్లో చెప్పే అంకె) చదివి రాయమన్నాం. కేబుల్ తెగినప్పుడు ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుగు పంపి, తెగిన చోటు ఎంత దూరమో కొలిచే మిషన్) పెడితే అది చెప్పేది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి జాయింట్ దగ్గర చుట్టి వదిలిన లూపులు, స్తంభాల మధ్య వేలాడే జారుడు, అన్నీ అందులో కలిసిపోతాయి. నాలుగు కిలోమీటర్లని మిషన్ చెబితే, బండి మీటర్ చూసుకుంటూ పోయినవాడు అసలు చోటు దాటిపోయి వెతుకుతుంటాడు. మీటర్ నంబర్లు మ్యాప్‌లో ఉంటే ఏ రెండు స్తంభాల మధ్య తెగిందో ఆఫీసులోనే దాదాపుగా చెప్పేయొచ్చు. ఈ ఒక్క పనితోనే కట్టిన చందా గిట్టుబాటైపోతుందని కమిటీ అభిప్రాయం.

గూగుల్ మ్యాప్‌లో పిన్నులు పెట్టుకుంటే చాలదా అన్నవారూ ఉన్నారు. పిన్ను పెడితే బాక్స్ ఎక్కడుందో తెలుస్తుంది. అందులో బ్లూ కోర్ (కేబుల్ లోపలి నీలం రంగు ఫైబర్ పోగు) ఏ ఊరికి పోతోందో, ఆరెంజ్ కోర్ ఖాళీగా ఉందో లేదో తెలియదు. పైగా ఒక ఫైబర్‌లో వచ్చే వెలుగును చాలా కనెక్షన్లకు పంచే స్ప్లిటర్ల లెక్క ఉండాలి. ఒకటికి ఎనిమిది స్ప్లిటర్ దగ్గరే సిగ్నల్ పది డీబీకి (డెసిబెల్, నష్టాన్ని కొలిచే లెక్క) పైగా పోతుంది, దాని కింద ఇంకో ఎనిమిది పెడితే ఇరవై దాటుతుంది. ఆఫీసు నుంచి ఫైబర్‌లోకి వెలుగు పంపే మామూలు జీపాన్ మాడ్యూల్ తట్టుకునేది 28 డీబీ. మిగిలిన కాస్తలోనే కేబుల్ పొడవు, జాయింట్ల నష్టం సరిపెట్టుకోవాలి. ఈ లెక్కలన్నీ పడేలా ఫారాలు తయారు చేసి, మనవాళ్లకు నేర్పినందుకు శ్రీకాకుళం కుర్రాడు ఒకరికి ₹35,000 ఇచ్చాం. బయట అడిగితే దీనికి రెండింతలు చెప్పారు.

ఆ కుర్రాడు మొదట్లోనే పట్టుకున్న విషయం ఒకటి చెప్పాలి. మ్యాపుల్లో మీటర్ల కొలతకు వాడే యూటీఎం పద్ధతిలో 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. ఆ గీత శ్రీకాకుళం దాటాక, నరసన్నపేట రాకముందే ఉంది. అంటే శ్రీకాకుళం ఊరు 44వ జోన్‌లో, టెక్కలి, పలాస 45లో. ఎవరి జోన్‌లో వాళ్లు గీసుకుంటే హైవే పక్క కేబుల్ మధ్యలో అతకదు. అందుకే అందరి డేటా అక్షాంశ రేఖాంశాల్లోనే దాచి, పొడవులు భూమి వంపును బట్టి లెక్కగట్టేలా పెట్టారు.

ఆఫీసు కంప్యూటరు, బ్యాకప్ డిస్కు ₹38,500, యూపీఎస్ ₹6,200. కరెంటు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి యూపీఎస్ మీద ఎవరూ ప్రశ్న వేయలేదు. జాయింట్ బాక్సులకు నంబరు బిళ్లలు 1,150, ఒక్కోటి ₹9 చొప్పున ₹10,350. పెద్ద మ్యాపుల ప్రింట్లు ₹1,870. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు పడి, కేబుళ్లు కుప్పలుగా చిక్కుకుపోయి, ఎవరిది ఏదో తేల్చుకోలేక ఎంత అవస్థపడ్డామో గుర్తున్నవాళ్లు ఈ బిళ్లల ఖర్చును దండగ అనరు. కరెంటు లేని రోజున చేతిలో ఉండాలనే కాగితం మీద కూడా వేయించాం.

శిక్షణ రోజుల భోజనాలు ₹7,460. హాలు ఒక సభ్యుడు ఉచితంగా ఇచ్చారు. భోజనాల బిల్లు మీద గుసగుసలు వినపడ్డాయి కాబట్టి చెబుతున్నాం: రావాల్సినవాళ్ల కంటే ఎక్కువమందే వచ్చారు, వాళ్లను ఎవరు తీసుకొచ్చారో వాళ్లకు తెలుసు.

డబ్బు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది కస్టమర్ల విషయం. మ్యాప్ ఉమ్మడిదైతే పక్క ఆపరేటర్ నా కనెక్షన్లు లాక్కుంటాడన్న భయం న్యాయమైనదే. స్తంభాలు, రూట్లు అందరికీ కనిపిస్తాయి. కోర్లు, స్ప్లిటర్లు, కనెక్షన్లు మాత్రం ఎవరి లాగిన్‌లో వాళ్లవే కనిపించేలా డేటాబేస్‌లోనే కట్టుదిట్టం చేయించాం. ఇళ్లవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అసలు ఎక్కించలేదు, కనెక్షన్ నంబరే ఉంది. కమిటీ కార్యదర్శికి కూడా ఇతరుల కోర్లు కనపడవు.

రావాల్సిన బాకీ ₹12,000. అది వస్తే రెండో బ్యాకప్ డిస్కు కొని, వేరే ఊళ్లో పెట్టాలని తీర్మానం చేశాం. రాకపోతే ఉన్న ₹2,542తో అది కుదరదు. కొత్తగా స్తంభం మార్చినా, బాక్స్ వేసినా ఆ వారంలోనే ఫోన్‌లో ఎక్కించే పూచీ ఆయా ఆపరేటర్‌దే, దానికి నిధి నుంచి డబ్బు ఇవ్వం. బిల్లులు, కిలోమీటర్ల పట్టీలు, బ్యాంకు పాస్‌బుక్కు నరసన్నపేట ఆఫీసులో ఫైలు కట్టి ఉన్నాయి. ఏ పద్దు మీద అభ్యంతరం ఉన్నా వచ్చే మీటింగులోపు రాతపూర్వకంగా ఇవ్వండి.