ఎడమ ఎవరిదని అడిగిన పెద్దాయనకు, మాతో నడిచిన అందరికీ కృతజ్ఞతలు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో బండలు, గుండ్లు ఎక్కేవారి కోసం మనమంతా కలిసి రాసుకుంటున్న ఆన్‌లైన్ గైడులో, కార్తీక మాసం మొదట్లో ప్రతి పేజీ మీదా "ఈ సమాచారాన్ని తిరిగి సరిచూస్తున్నాము, దయచేసి దీన్ని నమ్మి ఎక్కవద్దు" అని ఒక హెచ్చరిక పెట్టాను. ఈ వారం ఒక్క పేజీ మీద తప్ప మిగిలిన అన్నింటి మీదా ఆ హెచ్చరికను తొలగించాను. నేనొక్కడినే చేసి ఉంటే ఏళ్లు గడిచినా ఆ పని పూర్తయ్యేది కాదు. దాన్ని ఒక్క చలికాలంలో చేసి పెట్టిన వారిలో చాలామంది తమ పేర్లు రాయవద్దని కోరారు కాబట్టి, పేర్లు చెప్పకుండానే, ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా చెప్పి అందరికీ నమస్కరించాలని ఇది రాస్తున్నాను.

తప్పు నాది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళ్లే దారిలో ఒక ఊరి వెనుక మూడు నిలువుల ఎత్తున్న గుండు ఒకటి ఉంది. దాని పేజీలో దిగే దారి గురించి నేను "ఎడమ పక్క నుంచి సులభంగా దిగవచ్చు" అని రాశాను. గుండు మొదట్లో నిలబడి, దాని వైపు చూస్తూ రాసిన మాట అది. ఒక సాయంత్రం డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి ఆ గుండు ఎక్కి, పైన కాసేపు పొలాల వైపు తిరిగి కూర్చుని, లేచి తన ఎడమకు నడిచాడు. ఆ పక్క బండ కొంత దూరం నున్నగా వాలి, ఆపైన ఒక్కసారిగా తెగిపోతుంది. జారుతూ జారుతూ అరచేయి వెడల్పున్న అంచు మీద నిలిచిపోయి, పైకీ పోలేక కిందికీ రాలేక ఉన్న అతన్ని, మందను ఇంటికి తోలుకుపోతున్న గొర్రెల కాపరి ఒకాయన చూశారు. "అబ్బీ, కిందికి సూడద్దు, బండకు బోర్లా ఆనుకోని పైకి పాకు, తూరుపక్క నేను నిలబడతా" అని చెప్పి, చుట్టూ తిరిగి వెళ్లి, చీకటి పడేలోగా అతన్ని చేయి పట్టుకుని దించారు. మోచేతులు గీరుకుపోవడం తప్ప ఆ అబ్బాయికి ఏమీ కాలేదు.

తరువాతి ఆదివారం నేను ఆ పెద్దాయనను వెతుక్కుంటూ వెళ్లి, ఫోన్‌లో ఆ పేజీ తీసి, నేను రాసిన వాక్యం చదివి వినిపించాను. ఆయన తప్పు పట్టలేదు, కోప్పడలేదు. "ఎడమ అంటే ఎవురి ఎడమ సామీ, ఎక్కేటోనిదా, దిగేటోనిదా? తూరుపు అని రాయి. పొద్దు అందరికీ ఒగ పక్కనే కదా పుట్టేది" అన్నారు. ఆ రాత్రే గైడు మొత్తం వెతికి చూసుకుంటే, ఎడమ, కుడి అన్న మాటలు లేని పేజీ దాదాపు లేదు. కొన్ని నేను రాసినవి, కొన్ని ఇతరులు రాసినవి. ఎవరు ఎటు తిరిగి నిలబడి రాశారో తెలుసుకోవడానికి ప్రతి గుండు దగ్గరికీ మళ్లీ వెళ్లడం తప్ప వేరే దారి లేదు.

సాయం కావాలని అడిగినప్పుడు ఇద్దరు ముగ్గురు వస్తే చాలనుకున్నాను. అనంతపురం నుంచి ఇంజనీరింగ్ విద్యార్థులు, కర్నూలు నుంచి ఇద్దరు అన్నదమ్ములు, బెంగళూరు నుంచి ఒక భార్యాభర్తల జంట, ఇంకా ఎందరో వచ్చారు. మన వైపు ఎండలు తెలిసిన వారికి వీరు ఇచ్చినదేమిటో అర్థమవుతుంది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా తెల్లవారుజామున మాత్రమే ఇక్కడి రాయి చల్లగా ఉండి, చేతికి చెమట పట్టక, పట్టు నిలుస్తుంది. ఏడాది పొడవునా ఎదురుచూసే ఆ చలి పొద్దులను వీరు ఎక్కడానికి వాడుకోకుండా, గుండ్ల చుట్టూ తిరిగి దిక్కులు రాసుకోవడానికి వెచ్చించారు. దానికి సమానంగా తిరిగి ఇవ్వగలిగింది నా దగ్గర ఏమీ లేదు.

దిక్కుల తరువాత గుర్తుల సమస్య వచ్చింది. ఫోన్‌లోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూగా చూపుతుంది. గుండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోట ఆ కొద్ది మీటర్లలోనే ఒక గుండు పోయి ఇంకొకటి వస్తుంది. పదవీ విరమణ చేసిన ఒక డ్రాయింగు మాస్టారు ప్రతి గుట్టకూ పెన్సిలుతో బొమ్మ గీసి, ఏ చింతచెట్టు దగ్గర నిలబడితే ఏ గుండు ఎలా కనబడుతుందో చూపించారు. అన్నదమ్ములిద్దరూ ఊరి నుంచి గుట్ట దాకా పోయే కాలిబాటలను, 2004లో మొదలై అందరి చేతులతో పెరుగుతున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చారు. పంట చేల మధ్య నుంచి కాక, గట్ల మీదుగా పోయే బాటలనే వారు ఎంచుకోవడం రైతుల పట్ల వారికున్న గౌరవం.

నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పింది, బతుకంతా బండలు కొట్టిన వడ్డెర పెద్దాయన ఒకరు. పగటి ఎండకు వేడెక్కి రాత్రికి చల్లబడుతూ గ్రానైటు బండ ఉల్లిపొరలా పొరలు విడుస్తుందని నేను చదివి ఉన్నాను కానీ, ఏ పొర విడిందో, ఏది గట్టిగా ఉందో కంటితో పోల్చుకోలేను. ఆయన చిన్న సుత్తితో బండను మెల్లగా తట్టుకుంటూ, చెవి దగ్గర పెట్టి వినేవారు. గట్టి రాయి ఖంగుమంది. ఒక మార్గంలో మేమంతా రెండేళ్లుగా కుడిచేత్తో పట్టుకుని బరువు వేస్తున్న పలక దగ్గర మాత్రం అదే సుత్తి డొల్లగా పలికింది. ఆయన నా చేయి ఆ పలక మీద పెట్టించి మళ్లీ తట్టారు. వేళ్ల కింద రాయి సన్నగా అదిరింది. ఆ మార్గాన్ని గైడు నుంచి తీసివేశాము. ఆయన డొల్ల అని చెప్పిన ప్రతి పట్టూ ఇప్పుడు ఫొటోలో ఎర్ర గుర్తుతో ఉంది.

కష్టం ఎంతో చెప్పే అంకెల విషయంలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతిగా ఉండేది. కొందరు ఫ్రెంచి పద్ధతిలో, కొందరు అమెరికాలో పుట్టిన వి-స్కేల్‌లో రాశారు. బెంగళూరు దంపతులు గుండ్లన్నింటికీ వి-స్కేలే వాడుదామని ఒప్పించి, ఏ మార్గానికైనా ఇద్దరు వేర్వేరుగా ఎక్కి చూసిన తరువాతే అంకె వేయాలనే నియమం పెట్టారు. కింద పడితే దెబ్బ తగలకుండా గుండు మొదట్లో పరిచే మందపాటి పరుపులు, అంటే తమ క్రాష్ ప్యాడ్లు రెండు సీజను ముగిసే వరకూ మా దగ్గరే ఉంచారు.

ఎక్కకూడని చోట్ల గురించి గైడు ఇంతవరకు తగినంత గట్టిగా మాట్లాడలేదని చెప్పిన ఒక చరిత్ర ఉపాధ్యాయురాలికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. గుత్తికి చేరువలోనే ఉన్న ఎర్రగుడి గుండ్ల మీద క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనాలు ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. వాటిలో ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. పట్టు జారకుండా మనం చేతులకు రాసుకునే సుద్దపొడి ముద్ర ఒక్కటి అలాంటి రాతి మీద పడినా అది తప్పే. అక్కడా, గుత్తి కోట గోడల మీదా, గండికోట కోట పరిసరాల్లోనూ ఎక్కడం గానీ, సుద్ద వాడడం గానీ, తాడు కట్టుకోవడానికి రాతిలోకి బోల్టు దించడం గానీ చేయరాదని ఆమె రాసి ఇచ్చిన వాక్యాలే మొదటి పేజీలో ఉన్నాయి. ముందుకు పొడుచుకు వచ్చిన బండను ఓవర్‌హ్యాంగ్ అని మేము రాసిన చోట "పడగ" అనీ, క్రాక్ అన్న చోట "నెర్రె" అనీ మార్చింది కూడా ఆమే. ఊరివాళ్లకు చదివి వినిపించినప్పుడు వారికి వెంటనే అర్థమయ్యేలా ఉండాలన్నది ఆమె పట్టుదల, అది నూటికి నూరుపాళ్లు సరైనది.

ఆ అబ్బాయి చిక్కుకుపోయిన గుండు పేజీలో ఇప్పుడు "దిగే దారి తూర్పు పక్క, వాన నీరు పారి ఏర్పడిన గాడి వెంట. పడమటి పక్కకు పోకూడదు, అక్కడ బండ తెగి ఉంది" అని ఉంది. దాన్ని ఆ గొర్రెల కాపరి పెద్దాయనకు చదివి వినిపించాను, ఆయన సరేనన్న తరువాతే హెచ్చరిక తీశాను. ఆ గుండు మొదట ఎక్కిన మిత్రుడు తాను పెట్టిన పేరును వదులుకుని, కాపరులు పిలుచుకునే పేరునే ఉంచుదామన్నాడు. అతనికి కూడా నా ధన్యవాదాలు.

హెచ్చరిక ఇంకా ఉన్న ఆ ఒక్క పేజీ పెనుకొండ వైపు ఉన్న ఒక గుట్టది. పక్షులను గమనించే ఒక మిత్రురాలు అక్కడి అంచు మీద కొమ్ముల గుడ్లగూబ పిల్లలున్నాయని చూసి చెప్పారు. ఈ పక్షి పుల్లల గూడు కట్టకుండా రాతి అంచు మీది మట్టిలోనే గుడ్లు పెడుతుంది కనుక, మనిషి ఆ అంచును పట్టుకుంటే పిల్లలకు ప్రాణాపాయం. పిల్లలు ఎగిరిపోయాయని ఆమె చెప్పిన తరువాతనే అక్కడి దిక్కులు సరిచూస్తాము. అంతవరకు ఆ గుట్ట వైపు ఎవరూ వెళ్లవద్దని కోరుతున్నాను.